ఐర్లండ్ అంతర్యుద్ధం: 1921 దగ్గర ఆపేసిన చరిత్రలో స్త్రీలకు చోటెక్కడ?

వంశధార:

ఈ వేదికలో ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటం మీద ఇంతవరకు జరిగిన చర్చలన్నీ 1916 ఈస్టర్ తిరుగుబాటుతో మొదలై, 1921 జూలై 11 నాటి కాల్పుల విరమణతోనో, అదే ఏడాది డిసెంబరు 6న బ్రిటన్‌తో లండన్‌లో కుదిరిన ఒప్పందంతోనో ముగిశాయి. ఐర్లండ్ ప్రభుత్వం కూడా చాలా దశాబ్దాలపాటు తన కథను అక్కడే ఆపింది కనుక దూరాన ఉన్న మనకు ఆ తరువాతి భాగం అందకపోవడంలో ఆశ్చర్యం లేదు. 1922 జూన్ 28న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనం మీద ఫ్రీ స్టేట్ సైన్యం, అంటే ఆ ఒప్పందాన్ని అంగీకరించిన కొత్త ఐర్లండ్ ప్రభుత్వ సైన్యం, ఫిరంగులు పేల్చడంతో మొదలైన అంతర్యుద్ధం, 1923 మే 24న ఆయుధాలు పక్కన పెట్టమని ఒప్పంద వ్యతిరేక పక్షం ఇచ్చిన ఉత్తర్వుతో ఆగింది. నిన్నటిదాకా ఒకే దళంలో కలిసి పోరాడినవాళ్లు ఆ పదకొండు నెలల్లో ఒకరినొకరు చంపుకున్నారు. ప్రభుత్వమే అధికారికంగా 77 మందికి మరణశిక్ష అమలు చేసింది.

నా ప్రశ్న యుద్ధం గురించి కాదు, దాని జ్ఞాపకం గురించి. 1947లో ఐర్లండ్ ప్రభుత్వం సైనిక చరిత్రను నమోదు చేయడానికి ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. అది పదేళ్లపాటు పనిచేసి 1,773 వాంగ్మూలాలు సేకరించింది. అయితే 1921 జూలై 11 తరువాతి సంగతులు దాని పరిధిలోకి రావని ముందుగానే హద్దు గీశారు. అంతకు ముందు 1942లో ఇచ్చిన సేవా పతకం కూడా 1917–1921 మధ్య కాలానికే పరిమితమైంది. గాయాలు రేగకూడదనే ఉద్దేశంతో పెట్టిన హద్దు అది అని అందరూ అంటారు, నేను కాదనను. కానీ ఆ తేదీ అందరి పట్లా ఒకే తీరుగా పనిచేయలేదని నా అభిప్రాయం. స్వాతంత్ర్య యుద్ధ కాలంలో జైలుకు వెళ్లిన స్త్రీలు యాభై మంది దాకా ఉంటే, అంతర్యుద్ధంలో ఫ్రీ స్టేట్ ప్రభుత్వం నిర్బంధించిన స్త్రీలు ఐదు వందలకు పైగా ఉన్నారు. 1921 దగ్గర గీత గీస్తే పురుషుల చరిత్రలో కొంత భాగమే తెగిపోతుంది, స్త్రీల రాజకీయ చరిత్రలో మాత్రం అతి పెద్ద అధ్యాయమే పోతుంది. దీని మీద పెద్దలు, పరిశీలకులు తమ అభిప్రాయాలు చెప్పాలని కోరుతున్నాను.

పాత అలమర:

వంశధార గారూ, మంచి చోట పట్టుకున్నారు. గీత 1921 దగ్గరే ఎందుకు పడిందో తెలియాలంటే 1922 జనవరి 7న డాయిల్‌లో, అంటే ఐర్లండ్ శాసనసభలో, జరిగిన ఓటింగును చూడాలి. ఒప్పందం 64–57 తేడాతో నెగ్గింది. సభలో ఉన్న ఆరుగురు స్త్రీలూ వ్యతిరేకంగానే ఓటు వేశారు: మేరీ మాక్‌స్వీనీ, కాన్‌స్టన్స్ మార్కివిచ్, కాథ్లీన్ క్లార్క్, కేట్ ఓ'కాలహన్, మార్గరెట్ పియర్స్, డాక్టర్ ఏడా ఇంగ్లిష్. వీరిలో క్లార్క్ భర్తను, తమ్ముడిని 1916లో బ్రిటిషువారు కాల్చి చంపారు. పియర్స్ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న తల్లి. ఓ'కాలహన్ భర్త లిమరిక్ నగర మేయరుగా పనిచేసినవాడు, 1921 మార్చిలో ఇంట్లోనే హతుడయ్యాడు. మేరీ తమ్ముడు టెరన్స్ మాక్‌స్వీనీ కార్క్ నగర మేయరుగా ఉంటూ బ్రిక్స్‌టన్ జైలులో 74 రోజులు నిరాహార దీక్ష చేసి మరణించాడు.

ఈ నేపథ్యాన్నే ఒప్పంద పక్షం వారు ఆయుధం చేసుకున్నారు. వీళ్లు ఆలోచించి ఓటు వేయడం లేదని, చనిపోయిన తమవాళ్ల కోసం ఓటు వేస్తున్నారని ప్రచారం సాగింది. ఓ'కాలహన్ సభలోనే లేచి దానికి జవాబిచ్చింది. తమ మనసు మార్చడం సాధ్యం కాదని తెలిశాక, ఆ ఆడవాళ్లు కడుపుమంటతో ఉన్నారు, వాళ్లను వదిలేయండని తీసిపారేశారని, భర్త బతికి ఉన్న రోజుల్లోనూ తన నమ్మకం ఇదేనని ఆమె వాదించింది. ఏడా ఇంగ్లిష్ అయితే, తన అభిప్రాయానికి కారణంగా చూపడానికి తన ఇంట చనిపోయినవారెవరూ లేరని స్పష్టంగా చెప్పింది. ఆమె బాలినస్లోలోని మానసిక చికిత్సాలయంలో వైద్యురాలు. ఆరుగురిలో ఒకరి ఉదాహరణతోనే ఆ ప్రచారం కూలిపోవాలి. అయినా అది కూలలేదు, 1924 నాటికే అచ్చులోకి ఎక్కింది. పి. ఎస్. ఓ'హెగర్టీ అనే ఒప్పంద సమర్థకుడు ఆ ఏడాది రాసిన చరిత్రలో ఈ స్త్రీలను యుద్ధోన్మాదం పట్టిన చండికలుగా చిత్రించి, అంతర్యుద్ధపు పాపంలో పెద్ద వాటాను వాళ్ల నెత్తిన పెట్టాడు. యుద్ధాన్ని నడిపించింది రెండు వైపులా పురుషులే అయినా, ఉన్మాదం మాత్రం స్త్రీలదయింది.

మరొక విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అప్పటికి ఐర్లండ్‌లో ముప్పై ఏళ్లు నిండిన స్త్రీలకే ఓటు ఉండేది. 1922 మార్చిలో ఇరవై ఒక్క ఏళ్లు నిండిన స్త్రీలందరికీ వెంటనే ఓటు ఇవ్వాలని ఓ'కాలహన్ తీర్మానం పెడితే అది 47–38 తేడాతో వీగిపోయింది. దేశ భవితవ్యాన్ని తేల్చిన ఆ ఏడాది జూన్ ఎన్నికల్లో యువతుల మాట వినిపించకుండానే తీర్పు వచ్చింది. ఆరుగురిలో తిరిగి గెలిచినవారు మాక్‌స్వీనీ, ఓ'కాలహన్ మాత్రమే.

రామచంద్రపురం మాస్టారు:

ఇద్దరూ చెప్పిన సంగతులు వాస్తవమే, కానీ వాటి నుంచి తీస్తున్న ముగింపు మీద నాకు అభ్యంతరం ఉంది. అంతర్యుద్ధం తరువాతి మౌనాన్ని కేవలం స్త్రీల మీద జరిగిన కుట్రగా చూస్తే దాని అసలు స్వభావం మనకు అందదు.

ఆ మౌనం అందరిదీ. 1922 డిసెంబరు 8న ప్రభుత్వం మరణశిక్ష అమలు చేసిన నలుగురిలో రోరీ ఓ'కానర్ ఒకడు. ఆ నిర్ణయంలో భాగస్వామి అయిన మంత్రి కెవిన్ ఓ'హిగ్గిన్స్ పెళ్లిలో అంతకు ఏడాది కిందటే తోడుపెళ్లికొడుకుగా నిలిచినవాడు ఆ ఓ'కానరే. అటువంటి సంగతిని ఎవరు, ఎవరి ఎదుట, ఏ గొంతుతో చెప్పుకోగలరు? కెర్రీ కౌంటీలో 1923 మార్చి 7న బాలిసీడీ దగ్గర తొమ్మిది మంది బందీలను మందుపాతర చుట్టూ కట్టి పేల్చివేస్తే ఎనిమిది మంది చనిపోయారు, స్టీఫెన్ ఫుల్లర్ ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఆయన తరువాత శాసనసభ్యుడు కూడా అయ్యాడు. అయినా తనకు జరిగిన దాన్ని ఓట్ల కోసం వాడుకోలేదు. 1980లో ఒక టెలివిజన్ ధారావాహికలో గాని బహిరంగంగా చెప్పలేదు. అప్పటికి 57 ఏళ్లు గడిచాయి. ఆయన మగవాడే కదా.

పైగా ఆ మౌనం వల్ల మేలు కూడా జరిగింది. 1932లో ఓడిన ప్రభుత్వం తాను పదేళ్ల కిందట జైళ్లలో పెట్టినవారికే శాంతియుతంగా అధికారం అప్పగించింది. ఒకే ఊరిలో, ఒకే చర్చిలో, పక్కపక్క పొలాల్లో బతకవలసిన మనుషులు ప్రతి మాటా తవ్వుకుని ఉంటే అది సాధ్యమయ్యేదా? మరచిపోవడం వేరు, మాట్లాడకుండా ఉండటం వేరు. ఐరిష్ ప్రజలు రెండోది ఎంచుకున్నారని నేను అనుకుంటున్నాను.

వంశధార:

మాస్టారూ, మీ మాటను గౌరవిస్తూనే ఒక తేడా చూపించాలి. ఫుల్లర్ మాట్లాడకపోవడం ఆయన సొంత నిర్ణయం. ఆయన మాట్లాడినా మాట్లాడకపోయినా బాలిసీడీని ఆయన పక్షం మరవనివ్వలేదు. 1959లో అక్కడ పెద్ద శిల్పం వెలిసింది, ఏటా సభలు జరిగాయి. ఆ కాలపు స్త్రీలు మౌనంగా లేరు. వాళ్లు రాశారు, వాదించారు, పింఛను కోసం పత్రం తరువాత పత్రం పంపారు. మౌడ్ గాన్, షార్లెట్ డెస్పార్డ్ కలిసి 1922 ఆగస్టులో స్థాపించిన ఖైదీల రక్షణ మహిళా సంఘం, బందీల తల్లులను, భార్యలను వెంటబెట్టుకుని డబ్లిన్ ప్రధాన వీధిలో ఆదివారాలు సభలు పెట్టింది. వినవలసిన సంస్థలే వినలేదు. మాట్లాడనివారి మౌనాన్నీ, మాట్లాడినా వినని వ్యవస్థ చెవుడునూ ఒకే పేరుతో పిలిస్తే రెండోదానికి క్షమాపణ దొరికిపోతుంది.

మీరు అన్న పక్కపక్క పొలాల మనుషుల సంగతిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. దాన్ని గురించి మళ్లీ రాస్తాను.

మంజీర:

నేను కొంతకాలంగా డబ్లిన్‌లో ఉంటున్నాను. వంశధార గారు చెప్పిన 1921 గీతను కళ్లతో చూడాలంటే కిల్‌మేనమ్ జైలుకు వెళ్లాలి. 1916 నాయకులను కాల్చి చంపిన జైలుగా అది ప్రసిద్ధం. సందర్శకుల్లో చాలామంది ఆ రాతి ఆవరణను చూసి కన్నీళ్లు పెట్టుకుంటారు, అది సహజం. అదే జైలు తూర్పు భాగంలో, పైన గాజు కప్పు, మధ్యలో ఇనుప మెట్లు ఉన్న మూడంతస్తుల పెద్ద హాలు ఉంది. అక్కడే 1923లో ఒప్పంద వ్యతిరేక స్త్రీలను వందల సంఖ్యలో బంధించారు. గదుల గోడల మీద వాళ్లు పెన్సిలుతో రాసుకున్న పేర్లు, తేదీలు, నినాదాలు నేటికీ మిగిలి ఉన్నాయి.

వాటిలో ఒక గది ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. తలుపుకున్న కన్నంలోంచి చూస్తే ఎదుటి గోడ మీద బాల యేసును ఎత్తుకున్న మేరీమాత బొమ్మ కనిపిస్తుంది. దాన్ని గీసింది గ్రేస్ గిఫర్డ్ ప్లంకెట్. 1916 మేలో జోసెఫ్ ప్లంకెట్‌ను కాల్చి చంపడానికి కొన్ని గంటల ముందు ఇదే జైలులోని ప్రార్థనా మందిరంలో ఆమె అతన్ని పెళ్లాడింది. ఆ పెళ్లి కథ ఐర్లండ్‌లో తెలియనివారుండరు. ఏడేళ్ల తరువాత ఆమెను అదే జైలులో బంధించింది మాత్రం బ్రిటిషువారు కాదు, స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం. ఈ రెండో సగం ఎంతమందికి తెలుసు?

1924లో మూతపడి శిథిలమైన ఆ జైలును 1960 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు శ్రమదానంతో బాగుచేశారు. వారిలో రెండు పక్షాల కుటుంబాల వారూ ఉన్నారు కాబట్టి 1921 తరువాతి సంగతులు పనిలో ఎత్తకూడదని ముందే ఒప్పుకున్నారు. ఆ ఒప్పందం లేకపోతే భవనమే దక్కేది కాదేమో, మాస్టారి మాటలోని న్యాయం నాకు అక్కడ తెలిసింది. కానీ ఫలితం చూడండి. రంగు వెలిసిపోయిన గ్రేస్ బొమ్మను 1960లలో మరో చిత్రకారుడి చేత మళ్లీ వేయించారు. బొమ్మ నిలబడింది, ఆమె ఆ గదిలో ఎందుకు ఉందన్న సంగతి చాలాకాలం పక్కకు పోయింది.

ఆ ఇనుప మెట్ల సంగతి కూడా చెప్పాలి. 1923 ఏప్రిల్‌లో మేరీ మాక్‌స్వీనీ, కేట్ ఓ'కాలహన్ ఇద్దరూ కిల్‌మేనమ్‌లో నిరాహార దీక్షలో ఉన్నారు. ఏప్రిల్ 30న 81 మంది స్త్రీ ఖైదీలను ఒకప్పటి బీదల ఆశ్రమమైన నార్త్ డబ్లిన్ యూనియన్‌కు తరలించాలని అధికారులు నిర్ణయించారు. దీక్షలో ఉన్న తమ సహచరిని విడుదల చేస్తే గాని కదలమని ఆ స్త్రీలు పై అంతస్తులో ఒకరి చేతులు ఒకరు పెనవేసుకుని కటకటాలను పట్టుకున్నారు. వాళ్లను ఒక్కొక్కరిగా విడదీసి ఆ మెట్ల మీదుగా కిందికి ఈడ్చుకుపోయారు. ఆ రాత్రి అక్కడున్న ఖైదీల్లో డొరతీ మకార్డల్ కూడా ఉంది. తరువాతి కాలంలో రిపబ్లికన్ పక్షం వైపు నుంచి ఆ యుగానికి ప్రామాణిక చరిత్ర రాసినది ఆమే.

చలివేంద్రం:

ఒక చిన్న సందేహం. చర్చలో ఒప్పంద వ్యతిరేక స్త్రీలే కనబడుతున్నారు. ఒప్పందాన్ని సమర్థించిన స్త్రీలు లేరా? ఉంటే వాళ్లకు ఈ మరుపు వర్తించలేదా?

పాత అలమర:

ఉన్నారు. మంచి ప్రశ్న అడిగారు. 1914 ఏప్రిల్‌లో డబ్లిన్‌లోని విన్స్ హోటల్‌లో మొదలైన మహిళా దళం కుమన్ నా మన్, 1922 ఫిబ్రవరి 5న సమావేశమై ఒప్పందాన్ని 419–63 తేడాతో తిరస్కరించింది. ఓడిన పక్షం బయటకు వచ్చి కుమన్ నా సీర్షా అనే మరో సంఘాన్ని పెట్టుకుంది. వారిలో ముఖ్యురాలు జెన్నీ వైజ్ పవర్. మొదటి సంఘానికి తొలి నాయకుల్లో ఆమె ఒకరు, 1916 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకాలు ఆమె ఇంట్లోనే జరిగాయని చెబుతారు. ఫ్రీ స్టేట్ ఆమెను సెనేటరును చేసింది.

ఆమె తరువాతి జీవితమే మీ రెండో ప్రశ్నకు సమాధానం. 1922 నాటి రాజ్యాంగం స్త్రీపురుషులకు సమాన పౌరసత్వాన్ని, ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ప్రతివారికీ ఓటును ఇచ్చింది. బ్రిటన్‌లో స్త్రీలకు ఆ సమానత్వం 1928 దాకా రాలేదు. కానీ మూడేళ్లు తిరగకముందే, తను నిలబెట్టిన ప్రభుత్వమే 1925లో సివిల్ సర్వీసు పరీక్షలను స్త్రీలకు మూసేసే అధికారం కోరుతూ బిల్లు తెచ్చింది. 1927లో స్త్రీలను జ్యూరీల నుంచి దాదాపుగా తప్పించే చట్టం తెచ్చింది. రెండింటినీ వైజ్ పవర్ సెనేట్‌లో ఎదిరించింది. జ్యూరీ విషయం 1975లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా సరికాలేదు. గెలిచిన పక్షాన ఉన్నందువల్ల ఆమెకు దక్కింది సభలో ఒక కుర్చీ, ఆ కుర్చీలోంచి ఓడిపోయే అవకాశం.

మంజీర:

ఇంతవరకు రాజకీయాల్లో ఉన్న స్త్రీల గురించే మాట్లాడుకున్నాం. ఏ సంఘంలోనూ పేరు లేని స్త్రీల మీద జరిగిన హింసను వదిలేస్తే చర్చ అసంపూర్ణం అవుతుంది. రాయడానికి కష్టంగా ఉన్నా రాస్తున్నాను. బాధితుల పేర్లు చెప్పడం లేదు.

ఐర్లండ్ విప్లవంలో స్త్రీల మీద లైంగిక హింస దాదాపుగా లేదని చాలాకాలం చరిత్రకారులు కూడా నమ్మారు. గత ఇరవై ఏళ్లలో తెరుచుకున్న దస్త్రాలు ఆ నమ్మకాన్ని నిలవనివ్వలేదు. 1922 జూన్‌లో టిప్పరెరీ కౌంటీ డ్రొమినీర్ దగ్గర ఒక ప్రొటెస్టెంటు కుటుంబంలోని గృహిణి మీద ఒప్పంద వ్యతిరేక దళానికి చెందిన మనుషులు సామూహిక అత్యాచారం చేశారు. 1923 మేలో మేయో కౌంటీ ఫాక్స్‌ఫర్డ్‌లో కుమన్ నా మన్ సభ్యురాలైన యువతి మీద ప్రభుత్వ సైన్యానికి చెందిన ముగ్గురు అదే ఘోరానికి ఒడిగట్టారు. ఆమె కోలుకోలేదు, 1928లో మానసిక చికిత్సాలయంలో మరణించింది. ఈ సంగతులు స్మారక సభల్లో బయటపడలేదు. మొదటిది నష్టపరిహారం కోసం చేసుకున్న దరఖాస్తులోనూ, రెండోది బిడ్డను పోగొట్టుకున్న తల్లి ప్రభుత్వానికి పెట్టుకున్న పింఛను అర్జీలోనూ మిగిలాయి. కూతురికి ఏం జరిగిందో కాగితం మీద పెట్టి, ఆ పని చేసిన సైన్యం తాలూకు ప్రభుత్వాన్నే సాయం అడగవలసి వచ్చిన తల్లిని ఒక్కసారి తలచుకోండి. ఆమె మౌనంగా ఉందని ఎలా అంటాం?

కెన్‌మేర్ ఉదంతం మరింత లోతుగా చూడదగ్గది. 1923 జూన్ మొదటి వారంలో, అంటే యుద్ధం ఆగిన తరువాత, కెర్రీ కౌంటీలోని ఆ ఊరిలో ఒక వైద్యుడి ఇంటికి రాత్రివేళ ముగ్గురు సైనికాధికారులు వచ్చి, ఆయన ఇద్దరు కూతుళ్లను బయటికి ఈడ్చి, బెల్టులతో కొట్టి, తలలకు యంత్రాల గ్రీజు పులిమి వెళ్లారు. ఆరోపణ ఎదుర్కొన్నవారిలో కెర్రీ సేనాధిపతి పాడీ ఓ'డేలీ ఒకడు. బాలిసీడీ మరణాల మీద జరిగిన సైనిక విచారణకు అధ్యక్షత వహించినదీ ఆయనే. సైన్యంలోని న్యాయాధికారి సైనిక కోర్టు విచారణ జరగాలన్నాడు, మంత్రి ఓ'హిగ్గిన్స్ కూడా చర్య తీసుకోవాలని పట్టుబట్టాడు. అటార్నీ జనరల్ ఇచ్చిన సలహాను పట్టుకుని రక్షణమంత్రి మల్కాహీ కేసును పక్కన పెట్టాడు. ఎవరికీ శిక్ష పడలేదు. ఇది మంత్రివర్గంలో తగాదాగా మారి ప్రభుత్వాన్నే కుదిపింది. అంటే పై స్థాయిలో ఉన్న ప్రతివారికీ ఈ విషయం తెలుసు.

జుట్టు కత్తిరించే శిక్షను కూడా ఈ వరుసలోనే చూడాలి. పోలీసులతో మాట్లాడుతున్నారని విప్లవకారులు, విప్లవకారులకు సాయం చేస్తున్నారని ప్రభుత్వ బలగాలు, ఇద్దరూ ఆడపిల్లల తలలే గొరిగారు. పక్షాలు మారినా శిక్ష పడే చోటు మారలేదు.

రామచంద్రపురం మాస్టారు:

మంజీర అమ్మా, మీరు రాసినది చదివాక వెంటనే జవాబు రాయలేకపోయాను. నేను మౌనాన్ని సమర్థించినప్పుడు నా దృష్టిలో ఉన్నది రెండు సమాన పక్షాల మధ్య కుదిరిన సర్దుబాటు. కెన్‌మేర్‌లో రెండు పక్షాలు లేవు, నేరం చేసినవారు, బాధపడినవారు మాత్రమే ఉన్నారు. అటువంటి చోట మాట్లాడకుండా ఉండటం సర్దుబాటు కాదు, అందులో సందేహం లేదు.

అయితే ఒక మాట మీద నేను నిలబడతాను. తరువాతి చట్టాలన్నింటికీ అంతర్యుద్ధాన్నే కారణంగా చూపడం సరికాదు. వివాహితలను ఉద్యోగాల నుంచి తొలగించడం ఆ రోజుల్లో ఇంకా చాలా దేశాల్లో జరిగింది. నిరుద్యోగం, కాథలిక్ చర్చి బోధన, భూమి మీద ఆధారపడిన కుటుంబ వ్యవస్థ, ఇవన్నీ యుద్ధం రాకపోయినా ఉండేవే.

వంశధార:

మాస్టారూ, ఆ మాట పూర్తిగా కొట్టివేయదగినది కాదు. స్త్రీలను తప్పించే చట్టాలు గెలిచిన పక్షమే చేసి ఉంటే అంతర్యుద్ధపు కక్ష అని సులువుగా చెప్పేవాళ్లం. కానీ ఓడిన పక్షం 1926లో ఫియనా ఫాయిల్ పార్టీగా మారి 1932లో అధికారంలోకి వచ్చాక చేసినదీ అదే. పెళ్లయిన ఉపాధ్యాయినుల మీద ఆంక్ష ఆ దశకంలోనే వచ్చి 1958 దాకా ఉంది. ప్రభుత్వోద్యోగాల్లో అలాంటి ఆంక్షే 1973లో గాని తొలగలేదు. పరిశ్రమల్లో స్త్రీల పనిని పరిమితం చేసే అధికారాన్ని 1935 చట్టం మంత్రికి ఇచ్చింది. 1937 రాజ్యాంగంలోని 41.2 అధికరణం ఇంటిలో స్త్రీ గడిపే జీవితమే రాజ్యానికి ఆధారమని, ఆర్థిక అవసరం వల్ల తల్లులు ఇంటి పనులను నిర్లక్ష్యం చేసి కూలికి పోవలసిన స్థితి రాకుండా రాజ్యం ప్రయత్నిస్తుందని రాసుకుంది. ఎవరి పక్షాన నిలిచి ఆ స్త్రీలు జైళ్లకు వెళ్లారో ఆ డి వలేరాయే ఈ రాజ్యాంగానికి కర్త. ఆయన పార్టీలోనే ఉన్న కాథ్లీన్ క్లార్క్ 1935 చట్టాన్నీ, ఈ రాజ్యాంగాన్నీ వ్యతిరేకించింది. ఆమె 1939లో డబ్లిన్ నగరానికి తొలి మహిళా మేయరు అయింది.

నేను చూస్తున్నది ఇది: అన్నింటిలోనూ శత్రువులైన రెండు పక్షాలకు ఈ ఒక్క విషయంలో విభేదం లేకపోయింది. అంతర్యుద్ధం ఈ భావాలను పుట్టించిందని నేను అనను, వాటికి ఒక సాకునూ ఉదాహరణనూ అందించింది. రాజకీయాల్లోకి స్త్రీలు వస్తే ఏమవుతుందో 1922లో చూశాం కదా అనే మాట గెలిచినవారు పైకి అన్నారు, ఓడినవారు దాన్ని ఖండించలేదు. 1919లో మార్కివిచ్ మంత్రి అయింది. ఐర్లండ్ మంత్రివర్గంలోకి మరో స్త్రీ రావడానికి 1979 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది. ఆ అరవై ఏళ్లకు మరే కారణం చెప్పినా అంతర్యుద్ధం పేరు ఎత్తకుండా చెప్పలేం.

41.2 అధికరణం నేటికీ ఉంది. దాని స్థానంలో కుటుంబ సభ్యుల సంరక్షణ గురించి కొత్త వాక్యం పెట్టాలని 2024 మార్చి 8న ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే దాదాపు 74 శాతం మంది తిరస్కరించారు. పాత వాక్యం మీద ప్రేమతోనే అందరూ అలా ఓటు వేశారని చెప్పలేం. కొత్త వాక్యం వికలాంగులకు, సంరక్షకులకు ఏ గట్టి హక్కూ ఇవ్వడం లేదన్న కోపం కూడా అందులో ఉంది.

తుంగభద్ర:

మన ప్రాంతానికి నిజంగా సంబంధం ఉన్న ఒక సంగతి చేరుస్తాను. 1908లో డబ్లిన్‌లో హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ మహిళా ఓటుహక్కు సంఘాన్ని స్థాపించిన మార్గరెట్ కజిన్స్ 1915లో భర్త జేమ్స్‌తో భారతదేశానికి వచ్చి, తరువాత మదనపల్లెలో ఉంది. 1919 ఫిబ్రవరిలో అక్కడి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చిన రవీంద్రుడు జనగణమన పాడితే దానికి స్వరలిపి సిద్ధం చేసింది ఆమే. మన దగ్గర ఆమె పేరు ఆ ఒక్క సందర్భంలోనే వినబడుతుంది. ఐర్లండ్‌లో ఉండగా ఓటుహక్కు కోసం ఆమె జైలుకు వెళ్లింది. 1917లో ఇక్కడి స్త్రీలకు ఓటు కావాలని హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు నాయకత్వంలో భారత వ్యవహారాల బ్రిటిషు మంత్రి మాంటేగును కలిసిన బృందాన్ని కూడగట్టింది ఆమే. 1932లో బ్రిటిషు ఆర్డినెన్సులను విమర్శించి వేలూరు జైలు అనుభవించింది.

స్నేహితురాళ్లిద్దరి దారులనూ పక్కపక్కన పెట్టి చూడండి. హానా భర్తను 1916 ఏప్రిల్‌లో విచారణ లేకుండా ఒక బ్రిటిషు అధికారి కాల్పించాడు. 1922లో ఆమె ఒప్పందాన్ని వ్యతిరేకించింది, 1937లో డి వలేరా రాజ్యాంగాన్నీ ఎదిరించింది. 1943లో స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికల్లో నిలబడి ఓడిపోయింది. మన పత్రికలకు, మన జాతీయవాదులకు టెరన్స్ మాక్‌స్వీనీ పేరు కంఠస్థం. జతిన్ దాస్ 1929లో నిరాహార దీక్షలో చనిపోయినప్పుడు మాక్‌స్వీనీ కుటుంబం పక్షాన సంతాప సందేశం పంపింది మేరీ మాక్‌స్వీనీ. తానే 1922 నవంబరులో మౌంట్‌జాయ్ జైలులో 24 రోజులు అన్నం ముట్టకుండా ఉన్న మనిషి అని మనలో ఎవరూ చెప్పుకోలేదు. ఆమె దీక్ష చేసింది స్వతంత్ర ఐర్లండ్ ప్రభుత్వం మీద, అందుకే అది మనకు పనికివచ్చే కథ కాలేకపోయింది.

చలివేంద్రం:

పింఛను దస్త్రాల మాట చాలాసార్లు వచ్చింది. స్త్రీలకు పింఛను ఇచ్చారా, లేదా? ఒక్క ఉదాహరణ వివరంగా చెప్పగలరా?

వంశధార:

మార్గరెట్ స్కిన్నిడర్ సంగతి చెబుతాను. స్కాట్లండ్‌లో పుట్టిన ఉపాధ్యాయిని. 1916 తిరుగుబాటులో డబ్లిన్‌లోని శస్త్రచికిత్స వైద్యుల కళాశాల భవనం మీద నుంచి తుపాకీ పేల్చింది. హార్కోర్ట్ వీధిలో ఒక ఇంటిని తగలబెట్టడానికి కొందరిని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు ఆమెకు మూడు తూటాలు తగిలాయి. అంతర్యుద్ధంలో ఒప్పంద వ్యతిరేక సైన్యపు జీతాల లెక్కలు చూసే బాధ్యతలో ఉండి 1922 డిసెంబరులో అరెస్టు అయింది.

గాయపడినవారికి ఇచ్చే పింఛను కోసం 1925లో ఆమె దరఖాస్తు పెట్టింది. ఆమె గాయాలను గాని, పోరాడిన సంగతిని గాని ఎవరూ కాదనలేదు. చట్టంలోని సైనికుడనే పదానికి పురుషుడనే అర్థమని ప్రభుత్వ న్యాయవాది అభిప్రాయం ఇవ్వడంతో దరఖాస్తు తిరస్కరణకు గురైంది. 1934లో వచ్చిన కొత్త చట్టం కుమన్ నా మన్ స్త్రీలను పరిధిలోకి తెచ్చింది, 1922–23 కాలపు సేవను కూడా లెక్కలోకి తీసుకుంది. అయితే వాళ్లకు ఐదు శ్రేణుల్లో చివరి రెండే కేటాయించారు. స్కిన్నిడర్‌కు 1938లో పింఛను వచ్చింది. ఆమె డబ్లిన్‌లో 1961 దాకా పాఠాలు చెప్పింది, ఉపాధ్యాయ సంఘానికి అధ్యక్షురాలిగా స్త్రీపురుషులకు సమాన వేతనం కోసం పనిచేసింది. 1971లో మరణించింది. గ్లాస్నెవిన్ శ్మశానంలో ఆమె సమాధి మార్కివిచ్ సమాధి పక్కనే ఉంది.

2014 నుంచి ఈ పింఛను దస్త్రాలను విడతలవారీగా అంతర్జాలంలో పెడుతున్నారు, ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. మాస్టారూ, పక్కపక్క పొలాల మనుషుల గురించి మళ్లీ రాస్తానన్నాను. ఈ దస్త్రాల్లో అది కూడా కనిపిస్తుంది. సేవను రుజువు చేసుకోవడానికి దరఖాస్తుదారులు ఆనాటి అధికారుల చేత ధ్రువీకరణ రాయించుకోవాలి. ఆయుధాలు ఎక్కడ దాచారు, ఎవరి ఇంట ఎన్ని రాత్రులు అన్నం పెట్టారు, ఎవరి కబురు ఎక్కడికి మోశారు అనే వివరాలన్నీ 1930ల నాటికే ఊరి మనుషులు ఒకరికొకరు చెప్పుకుని, సంతకాలు పెట్టి, ప్రభుత్వానికి పంపుకున్నారు. స్త్రీలు మాట్లాడినట్టు ఆ కాగితాలే చెబుతున్నాయి. ఆ కాగితాలను చరిత్రగా చదవడం మాత్రం ఎనభై ఏళ్లు ఆలస్యంగా మొదలైంది.

రామచంద్రపురం మాస్టారు:

ఆ దస్త్రాలను చదవడం ఈ వారమే మొదలుపెడతాను. కెర్రీ కౌంటీ స్త్రీల దరఖాస్తుల్లో 1923 మార్చి సంగతులు ఎలా నమోదయ్యాయో చూడాలని ఉంది. మంజీర అమ్మకు వీలైతే ఏ ఊరి నుంచి మొదలుపెట్టాలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మంజీర:

ట్రలీతో మొదలుపెట్టండి మాస్టారూ. కెర్రీలో ప్రభుత్వ సైన్యానికి కేంద్రం అదే, బాలిసీడీ అక్కడికి దగ్గరే. తరువాత నాక్‌నగాషెల్, కెన్‌మేర్ చూడండి. మీకు దొరికినవి ఈ చర్చలోనే పెడితే అందరం కలిసి చదువుదాం.